లెక్కల టీచరమ్మ చెప్పిన మాట

మనుషులు పనిచేసే చోట సుఖంగా ఉన్నారా, ఏళ్ళు గడిచేకొద్దీ ఎదుగుతున్నారా లేక ఎండిపోతున్నారా అని అడిగి రాసుకునే ఉద్యోగాలు ఇప్పుడు చాలా వచ్చాయి. కర్ణాటకలో ఉన్న మా చిక్కబళ్ళాపురంలోనే మనశ్శాస్త్రం చదివిన పిల్లలు కొందరు ట్యాబులు పట్టుకుని బడులకూ, బట్టల ఫ్యాక్టరీలకూ తిరుగుతున్నారు. అందులో ఒకమ్మాయి ఈమధ్య గ్రంథాలయంలో నా పక్కన కూర్చుని, నేనూ ఒకప్పుడు ఈ పని చేశానట గదా అని అడిగింది. చేశానన్నాను. రెండేళ్ళు చేశాను. నా సర్వీసు మొత్తంలో ఉద్యోగం చేశాను అనిపించేది ఆ రెండేళ్ళే. ఆ పని నా చేతికెలా వచ్చిందో ఆ అమ్మాయికి చెప్పాను. ఎలా పోయిందో చెప్పడానికి నోరు రాలేదు. ఆమెకూ, ఆమె లాంటి పిల్లలకూ పనికొచ్చేది ఆ రెండో సగమే కాబట్టి రాసిపెడుతున్నాను.

ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చే ఆఫీసులో నేను టపాలు గుమాస్తాను. వచ్చిన కాగితానికి నంబరు వేయడం, పోయే కాగితానికి కవరు అంటించడం నా పని. చదువు పీయూసీ, అంటే ఇంటర్, దగ్గర ఆగిపోయింది. సాయంత్రం ఆఫీసు వదిలాక నేరుగా గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. కన్నడంలోనూ తెలుగులోనూ దొరికిన మనశ్శాస్త్రం పుస్తకాలన్నీ చదివాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. అర్థమైన ముక్క నోటుబుక్కులో ఎక్కించుకునేవాణ్ణి. ఆఫీసులో వాళ్ళు నన్ను 'డాక్టరప్పా' అని పిలిచి, తమకేం రోగముందో చెప్పమని ఆటపట్టించేవారు. నాకది ఆటపట్టించడమని తెలిసేది కాదు. నిజంగానే చెప్పేవాణ్ణి.

బెంగుళూరు విశ్వవిద్యాలయం నుంచి ఒక మేడం వచ్చి, బడుల్లోనూ పనిచోట్లలోనూ మనుషుల క్షేమం మీద పరిశోధన చేస్తున్నాననీ, తెలుగూ కన్నడమూ రెండూ తెలిసిన స్థానికుడొకరు కావాలనీ అడిగారు. మా సూపరింటెండెంటు నన్ను పంపించారు. నేను లేకపోతే ఆఫీసుకు నష్టమేమీ లేదు గదా. ఆ సంగతి నాకు చాలా రోజులకు గాని తట్టలేదు. నా నోటుబుక్కుల సంగతి ఎవరో చెప్పి ఉంటారనుకుని పొంగిపోయాను.

మొదట చింతామణి దగ్గర పట్టుదారం తీసే ఒక రీలింగు షెడ్డులో ఫారాలు పరీక్షించి చూశాం. కన్నడంలో అచ్చువేసిన ఫారం. దాని మీద పది మెట్ల నిచ్చెన బొమ్మ. 'మీ బతుకు ఏ మెట్టు మీద ఉందనుకుంటున్నారు?' అని ప్రశ్న. వేడినీళ్ళ తొట్టెల ముందు కూర్చున్న ఆడవాళ్ళలో అందరికంటే పెద్దామె ఏడో మెట్టు మీద వేలు పెట్టింది. మిగతావాళ్ళంతా వరసగా ఆరో మెట్టు మీద పెట్టారు. మేడం తెల్లబోయారు. ఒకావిడ నాతో మెల్లగా తెలుగులో, పెద్దామె కూర్చున్న మెట్టుకు పైన మేం కూర్చుంటే బాగుంటుందా అని అడిగింది. టీ తాగేటప్పుడు అదే ప్రశ్న నేను కాగితం లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టు అడిగాను. అప్పుడావిడ నానిపోయిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంటూ చెప్పింది:

"ఇంట్లో రెండో మెట్టే అప్పా. ఈడికొస్తే తొమ్మిదో మెట్టు. చేతులు మండితే మండనీ, ఈడ నాతో మాట్లాడే మనుషులుండారు."

కాగితం పట్టుకుని కన్నడంలో అడిగితే సర్కారు జవాబు వస్తుంది, గ్లాసు పట్టుకుని తెలుగులో అడిగితే ఇంటి జవాబు వస్తుంది అని నేను మేడంతో అన్నాను. ఆమె ఆ మాట అక్కడికక్కడే పుస్తకంలో రాసుకున్నారు. నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు.

ఆ మాట మీదే తరువాతి పని నడిచింది. బాగేపల్లి దాటాక రోడ్డుపక్క ఊళ్ళో ఒక మాధ్యమిక బడిని ఎంచుకున్నారు. పిల్లలకు పాఠాలు కన్నడంలో, ఇంటి మాట తెలుగు. హెడ్మాస్టరుతో కలిపి టీచర్లు ఎనిమిది మంది. శనివారం పొద్దుటి బడి వదిలాక ఒక గదిలో గుండ్రంగా కూర్చోవాలి. ఆ వారం పనిలో బాగా జరిగింది ఒకటి, సరిగ్గా జరగనిది ఒకటి ఒక్కొక్కరూ చెప్పాలి. ఎవరూ సలహా ఇవ్వకూడదు, తీర్పు చెప్పకూడదు. బయటివాళ్ళు గదిలోకి రాకూడదు. అక్కడ విన్న మాట గడప దాటకూడదు. మేడం బెంగుళూరు నుంచి వారంవారం రాలేరు కాబట్టి, నాకు మూడు రోజులు నేర్పించి, కూటం నడిపే పని నాకే అప్పగించారు. తలుపు మూసి ఈ నియమాలు చెప్పేది నేను. ప్రతి శనివారం చెప్పేవాణ్ణి, గొంతు కొంచెం పెంచి.

మొదటి నెలన్నర ఎవరూ నోరు విప్పలేదు. గుండ్రంగా ఎనిమిది మందీ 'అంతా బాగుండాది' అనేవారు. బాగా జరిగింది చెప్పమంటే కూడా నవ్వి ఊరుకునేవారు. హెడ్మాస్టరు రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి, మాట్లాడితే చురక వేయకుండా ఉండడు. ఒకరోజు ఆయన నాకు అసలు సంగతి విడమరిచాడు.

"మంచి చెప్తే దిష్టి తగులుతాది. చెడ్డ చెప్తే పైఆఫీసర్లకు తగులుతాది. ఇంకేం మిగిలింది అప్పా మేం చెప్పేదానికి?"

ఆ మౌనాన్ని పగలగొట్టింది లెక్కల టీచరమ్మ. నలభై దాటిన మనిషి, మితభాషి. రోజూ బాగేపల్లిలో బస్సెక్కి ఆ ఊరి క్రాసులో దిగి నడిచి వచ్చేది. ఆ శనివారం తన వంతు రాగానే చాలాసేపు చేతుల్లోని సుద్దపొడి చూసుకుంటూ కూర్చుంది. తరువాత ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. ఏడో తరగతిలో భిన్నాన్ని భిన్నంతో భాగించే లెక్క ఉంటుంది. రెండోదాన్ని తలకిందులు చేసి గుణించమని చెబుతారు. ఎందుకు తలకిందులు చేయాలో తనకు ఎప్పుడూ తెలియలేదు. తనకు చెప్పినవాళ్ళు చెప్పలేదు, తాను అడగలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలాగే చెప్పేస్తోంది. ఆ వారం ఒక ఆడపిల్ల లేచి ఎందుకని అడిగింది.

"ఎగతాళి చేస్తాండావా అని దాన్ని బయట నిలబెట్టినాను. అది ఎగతాళి చేయలేదు. నాకు తెలుసు అది ఎగతాళి చేయలేదని. అప్పట్నుంచి అది చెయ్యెత్తలేదు."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. సలహా ఇవ్వకూడదన్న నియమం గుర్తుచేయాలనుకుంటుండగానే, నియమం తప్పింది హెడ్మాస్టరే. ముక్కాలు సేరు బియ్యం ఉంటే పావుసేరు డబ్బాతో ఎన్నిసార్లు కొలవొచ్చు అని అడిగాడు. ఎవరో మూడుసార్లు అన్నారు. మరి ముక్కాలును పావుతో భాగిస్తే వచ్చేది ఆ మూడే గదా అన్నాడు. ఒక సేరులో పావులు నాలుగు, అందుకని నాలుగుతో గుణించి చూస్తున్నాం, అదే తలకిందులు చేయడం. లెక్కల టీచరమ్మ లేచి బోర్డు మీద వేసి చూసుకుంది. మళ్ళీ ఇంకో లెక్క వేసింది. మూడోది వేశాక సుద్దముక్క పట్టుకునే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. సోమవారం ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి, 'నీకు జవాబు చెప్పలేదు గదా, ఇప్పుడు చెప్తాను' అని మొదలుపెట్టిందని తరువాతి వారం మాకు చెప్పింది.

ఆ తరువాతి శనివారాలను నేను ఇప్పటికీ ఒకటొకటిగా తలచుకుంటాను. డ్రిల్లు మాస్టరు మోకాళ్ళు పోయి ఏడాది నుంచి కూర్చునే ఈల వేస్తున్నానని చెప్పాడు. హెడ్మాస్టరు కంప్యూటరులో వచ్చిన కాగితాలు చదవకుండానే సంతకం పెడతానని ఒప్పుకున్నాడు. ఒకరు చెప్పేసరికి ఇంకొకరు అందుకునేవారు. పన్నెండుకు లేవాల్సినవాళ్ళం ఒంటిగంటకు కూడా లేచేవాళ్ళం కాదు. వంటామె మిగిలిన ఉప్పిట్టు, అదే ఉప్మా, తలుపు బయట పెట్టి పోయేది. ఒక శనివారం నా వంతు కూడా తీసుకోమన్నారు. నేను పీయూసీ ఇంటి కష్టాల వల్ల మానేశానని అందరితో చెబుతానుగాని, నిజానికి రెండుసార్లు తప్పాననీ, పుస్తకాలు పట్టుకుని తిరగడం ఆ మచ్చ దాచుకోవడానికేననీ చెప్పాను. నా భార్యకు కూడా అప్పటికి ఆ సంగతి తెలియదు. ఎనిమిది మందీ విన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట నాకు బయట ఎక్కడా తిరిగి వినిపించలేదు. ఈ చివరి వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో ఇక చెబుతాను.

చిక్కబళ్ళాపురంలో జిల్లా సమీక్ష సభ పెట్టారు. పరిశోధన సంగతి చెప్పమని మేడంను పిలిచారు. ఆమెకు బెంగుళూరులో పని తగిలి, ఒక పేజీ రాసి నాకు పంపి, చదివి రమ్మన్నారు. ఉన్నది ఉన్నట్టు చదవండి, ఒక్క ముక్క ఎక్కువ వద్దు అని ఫోనులో రెండుసార్లు చెప్పారు. చదవడం మొదలుపెట్టాను. ముందు వరసలో ఆఫీసర్లు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన ఆవులించాడు. నా నోటుబుక్కులన్నీ, నా సాయంత్రాలన్నీ ఆ ఆవులింతలో పోతున్నట్టు అనిపించింది. పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. బాగేపల్లి వైపు ఒక బడిలో ఒక లెక్కల టీచరు అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. అర్థం కాకుండానే ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం, బయట నిలబెట్టిన పిల్ల, పావుసేరు డబ్బా, సుద్దముక్క పట్టుకుని ఏడుపు. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. సెల్‌ఫోన్లన్నీ కిందికి దిగాయి. ముగించాక చప్పట్లు కొట్టారు. ఒక పెద్ద ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పేరు చెప్పకపోతే నియమం తప్పినట్టు కాదని నేను నిజంగా నమ్మాను. గ్రంథాలయంలో చదివిన పుస్తకాల్లో కూడా అలాగే ఉంది. పేర్లు తీసేస్తే చాలునని. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ ఊళ్ళు పెద్దవి.

తరువాతి శనివారం నేను వెళ్ళేసరికి ఎనిమిది మందీ ముందే కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ అలా ఉండేవారు కాదు. తలుపు వేసి నియమాలు చెప్పాను. చెబుతుంటే డ్రిల్లు మాస్టరు కిటికీ వైపు తిరిగాడు. వంతు మొదలైంది. అంతా బాగుండాది. అంతా బాగుండాది. గుండ్రంగా అదే మాట వస్తోంది. వంతు లెక్కల టీచరమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె నన్ను సూటిగా చూసింది.

"అంతా బాగుండాది సార్."

అంతవరకూ నన్ను అప్పా అనే పిలిచేది.

పది నిమిషాల్లో కూటం అయిపోయింది. నెలనెలా తీసుకునే నిచ్చెన ఫారాలు నింపి ఇచ్చారు. అందరూ అన్ని ప్రశ్నలకూ పైమెట్టే. హెడ్మాస్టరు నన్ను తన గదికి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. తనకే అర్థం కాని పాఠాన్ని ఏళ్ళ తరబడి బోధిస్తూ జీతం తీసుకున్నందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని పైఆఫీసు నుంచి ఆ టీచరమ్మకు నోటీసు. నేను పేరు చెప్పలేదని గొణిగాను.

"పేరు చెప్పలేదు, సరే. మీ పరిశోధన జరిగేది ఈ ఒక్క బడిలో. ఈ బడిలో లెక్కలు చెప్పేది ఒక్కరు. ఆ ఆఫీసరుకు పేరెందుకప్పా?"

క్రాసు దగ్గర ఆమె బస్సు కోసం నిలబడి ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. తప్పయిందని అన్నాను. ఆమె రోడ్డు వైపే చూస్తూ, సభలో నేను బాగా మాట్లాడానట, అందరూ చప్పట్లు కొట్టారట అంది. నోటీసుకు జవాబు రాయగలనంది, ఒక ఇంక్రిమెంటు పోతే పోనిమ్మంది.

"ఆ మాట చెప్పినాక నాకు ఎంత తేలికైందో మీకు తెలీదు. ఇరవై ఏండ్ల బరువు దిగింది. ఇప్పుడు ఆ పిల్లను చూసినా, నాకే రాదన్నది దీనికి కూడా తెలిసిపోయిందేమో అనిపిస్తాండాది."

నన్నేం చేయమంటావమ్మా అని అడిగాను. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, "మీరు చదువుకున్నోళ్ళు. మీరే చూడండి" అంది. ఆమె ఎత్తిపొడవలేదు. మామూలుగానే అంది.

మేడంకు ఫోను చేసి దాచకుండా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. విశ్వవిద్యాలయం తరఫున ఉత్తరం రాయిస్తానన్నారు. పరిశోధనలో చెప్పిన మాట మీద చర్య తీసుకోకూడదని అందులో ఉంటుంది. కానీ కమిటీ కూర్చోవాలి, సంతకాలు కావాలి, నెల పట్టొచ్చు. నోటీసుకు గడువు వారం. పైగా ఆ ఉత్తరం వెళితే టీచరమ్మ ఆ మాట అన్నట్టు సర్కారు కాగితం మీద శాశ్వతంగా నిలిచిపోతుంది. అప్పుడు నాకు ఒక్కటే దారి కనిపించింది. ఆ కథ నేనే కల్పించి చెప్పానని రాసిస్తానన్నాను.

అలా రాస్తే ఏమవుతుందో మేడం నాకు విడమరిచి చెప్పారు. కల్పించి చెప్పే మనిషి తెచ్చిన సమాచారం ఏదీ ఆమె వాడలేరు. బాగేపల్లి శనివారాలే కాదు, చింతామణి షెడ్డులో తేలింది కూడా. సర్కారు జవాబూ ఇంటి జవాబూ అంటూ ఆమె రాసుకున్న నా మాటతో సహా. రెండేళ్ళ పని పోతుంది, అది ఒక్క నాది కాదు.

"నేను మిమ్మల్ని ఆపను. ఆపే ముఖం నాకూ లేదు, ఆ సభకు మిమ్మల్ని పంపింది నేను. కానీ ఆ తర్వాత మనం కలిసి పనిచేయలేం."

ఉత్తరం నాలుగు వాక్యాలు. సభలో నేను చెప్పిన ఉదాహరణ వినేవాళ్ళ మెప్పు కోసం నేను కల్పించినది. అలాంటి మాట ఏ టీచరూ అనలేదు. బాధ్యత నాదే. క్షమించగలరు. నా జీవితంలో నేను సొంతంగా రాసి, పైఆఫీసుకు పంపిన ఒకే ఒక్క కాగితం అది. అందులో 'మెప్పు కోసం' అన్న ముక్క ఒక్కటే నిజం.

సభలో నా చెయ్యి ఊపిన ఆఫీసరే నన్ను పిలిపించాడు. నలుగురి ముందు ఉత్తరం రెండుసార్లు చదివాడు. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని నువ్వు చెప్పినదంతా కట్టుకథేనా అని అడిగాడు. కథే సార్ అన్నాను.

"లైబ్రరీలో చదివి చదివి నీకు తల తిరిగిండాది" అన్నాడు. గదిలో వాళ్ళంతా నవ్వారు. నోటీసు వెనక్కు తీసుకున్నారు. నా సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు ఎక్కింది. నేను టపాలు బల్ల దగ్గరికి తిరిగి వచ్చాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ నన్ను డాక్టరప్పా అని పిలవలేదు. పిలిచి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. మేడం నివేదిక కొన్నాళ్ళకు అచ్చయి మా ఆఫీసుకే టపాలో వచ్చింది. దానికి నంబరు వేసింది నేనే. భోజనం వేళ మొత్తం తిప్పి చూశాను. బాగేపల్లి అన్న మాట లేదు. ఉండదని తెలిసీ చివరి పేజీ దాకా చూశాను.

పిల్లలూ, మీకు నియమాలు నాకంటే బాగా నేర్పిస్తున్నారు. సంతకాలు తీసుకుంటున్నారు, తాళాలు వేస్తున్నారు. అదంతా మంచిదే. కానీ మాట గడప దాటేది దొంగ చేతిలో కాదు. ఆ మాటను ప్రేమించినవాడి నోట్లోంచే దాటుతుంది. అంత మంచి సంగతిని నలుగురికీ చెప్పకుండా ఉండలేనివాడే చెబుతాడు. మీకు ఎక్కడైనా మనసు నిండిన శనివారం దొరికితే, ఆ రాత్రి నోరు మూసుకుని పడుకోండి. ఇంతకు మించి నేను నేర్చుకున్నదేమీ లేదు. అలాంటప్పుడు ఈ రాతేమిటి అని మీరడగవచ్చు. లెక్కల టీచరమ్మ తన నోటితో ఇచ్చిన అనుమతితోనే రాస్తున్నాను అని చెప్పగలిగితే బాగుండేది. ఎప్పుడో రిటైరైన ఆ హెడ్మాస్టరు ద్వారా అడిగించాను. 'రాసుకోమను, ఇప్పుడు నేనే క్లాసులో అందరికీ చెప్తాండాను' అందట. నాతో నేరుగా మాత్రం మాట్లాడలేదు.

పోయిన ఏడాది ఒక శనివారం చుట్టాలింట్లో నిశ్చితార్థానికి బాగేపల్లి దాకా వెళ్ళాను. పని తొందరగా ముగిసింది. ఎందుకెక్కానో తెలియదు, ఆ వైపు పోయే బస్సెక్కి క్రాసులో దిగాను. పన్నెండు దాటింది. పిల్లలు వెళ్ళిపోయారు. మైదానం ఖాళీగా ఉంది. వరండాలో చివరి గది తలుపు వేసి ఉంది. లోపల గొంతులు. మేం మొదలుపెట్టిన కూటం నా తరువాత కూడా నడుస్తోందని నాకెవరూ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

తలుపు తెరుచుకుని ఒక చిన్నవయసు టీచరు ఖాళీ సీసా పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను ఎరగదు. తలుపు మళ్ళీ దగ్గరికి లాగి, ఎవరు కావాలని అడిగింది. లెక్కల టీచరమ్మ ఉన్నారా అన్నాను.

"ఉండారప్పా. ఇప్పుడు ఆయమ్మ వంతే. లోపలికి బయటోళ్ళను పిలిచేది లేదు, తప్పుగా అనుకోవద్దు. అర్ధగంట ఆగితే ఐపోతాది."

"ఏం మాట్లాడుకుంటారమ్మా?" అని అడిగేశాను. నా నోరు ఇంకా మారలేదు.

ఆ అమ్మాయి నవ్వింది. "అది చెప్పేది లేదు."

నీళ్ళు పట్టుకుని తిరిగి వస్తూ, ఎవరొచ్చారని చెప్పమంటారు అని అడిగింది. ఏమీ చెప్పొద్దులేమ్మా, బస్సుకు ఇంకా టైముంది, కాసేపు కూర్చుని పోతాను అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వరండా అంచు మీద కూర్చున్నాను. లెక్కల టీచరమ్మ గొంతు గుర్తుపట్టాను. మాటలు తెలియడం లేదు. చాలాసేపు ఆమె ఒక్కతే మాట్లాడింది. తరువాత ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం ఎలాంటిదో నాకు తెలుసు. అప్పుడు ఎవరో ఏదో అన్నారు, అందరూ ఒక్కసారిగా నవ్వారు, అందులో ఆమె నవ్వు అన్నిటికంటే చివర ఆగింది. కుర్చీలు కదిలిన చప్పుడు వినగానే లేచి, తలుపు తెరుచుకునేలోగా రోడ్డు మీదికి నడిచి, వస్తున్న బస్సుకు చెయ్యెత్తాను.